గుండీల డబ్బాలో ట్యూబు

మా ఇంట్లో కిటికీ పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. ఎప్పుడో బిస్కెట్లు వచ్చిన డబ్బా, మూత మీద బొమ్మ అరిగిపోయింది. అందులో మా అత్తమ్మ గుండీలు, హుక్కులు, సగం అయిపోయిన దారం ఉండలు వేసుకుంటుంది. ఆమె బ్లౌజులకు చేతిపని చేసే మనిషి. చిల్కానగర్‌లో మా వీధి చివర టైలర్లు మిషను కుట్టు పూర్తిచేసి, మిగతా పనికి బ్లౌజులను మూటగట్టి మా ఇంటికి పంపుతారు. హుక్కులు, కాజాలు, అంచు కుట్లు, చీరలకు ఫాల్ వెయ్యడం, అన్నీ ఆమెవే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే, చేతిపని మాత్రం ఆ అమ్మతోనే చేయించమని పెళ్ళివాళ్ళు టైలర్లకు గట్టిగా చెప్పి వెళ్ళేవాళ్ళు.

ఆ డబ్బాలో రెండేళ్ళపాటు గుండీలతోపాటు ఇంకొకటి కూడా ఉండేది. దురదకు రాసుకునే ట్యూబు. నేను తెచ్చి పెట్టేదాన్ని, ఆమె వాడుకునేది. అయిపోయాక ఖాళీ ట్యూబును కింది నుంచి పైదాకా చుట్టచుట్టి మళ్ళీ డబ్బాలోనే పెట్టేది. నేను దాన్ని తీసి పారేసి కొత్తది పెట్టేదాన్ని. ఆ రెండేళ్ళలో దాని గురించి మేము ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నామీద పట్టరాని కోపం వస్తుంది. ఎందుకంటే నేను పనిచేసేదే మందుల షాపులో.

షాపు నాచారంలో, ఫ్యాక్టరీలవైపు వెళ్ళే రోడ్డు మీద ఉంది. నేను కౌంటరులో నిలబడబట్టి చాలా ఏళ్ళయింది. ఫార్మసీ చదువు మా ఓనరుది, నాది ఇంటర్ మాత్రమే. అయినా ఏ అరలో ఏముందో నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. డాక్టర్ల రాత చదవడంలో నన్ను మించినవాళ్ళు ఆ రోడ్డులో లేరని నా గట్టి నమ్మకం. కళ్ళు నెత్తికెక్కడం అంటారే, అది కొంచెం నాకుండేది.

మధ్యాహ్నం ఓనరు అన్నానికి ఇంటికి వెళ్ళే వేళ మా షాపుకు ఆడవాళ్ళు వచ్చే వేళ. కుట్టు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, ప్యాకింగ్ కంపెనీల వాళ్ళు, ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళు. ఎదురుగా బండి దగ్గర అరటిపండ్లు బేరం చేస్తున్నట్టు నిలబడి, ఓనరు బండి మలుపు తిరగ్గానే గబగబా మెట్లెక్కేవాళ్ళు. "అక్కా, గదే" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట చాలు నాకు. లేదంటే "తెల్లబట్ట అయితుందక్కా" అని గొణిగేవాళ్ళు. చాలామందికి అదీ నోరు దాటి వచ్చేది కాదు, కొంగు సవరించుకుంటూ కిందికి చూసేవాళ్ళు. నేను ఏమీ అడగకుండా అరలోంచి తీసి, నల్ల కవరులో వేసి చేతిలో పెట్టేదాన్ని. దురద అంటే ట్యూబు, తెల్లబట్ట అంటే మూడు రకాల మాత్రలు ఒకే పెట్టెలో ఉండే కిట్టు. అందరికీ అవే.

నా దగ్గరికి ఎందుకు వచ్చేవాళ్ళంటే, నేను ఏమీ అడగను కాబట్టి. "ఆ అక్క మంచిది, జెప్పకముందే అర్థం జేసుకుంటది" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. దమ్మాయిగూడకు ఇల్లు మారినవాళ్ళు కూడా పనికి వచ్చినప్పుడు నా దగ్గరే తీసుకునేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో దాచుకోను. చెప్పకముందే అర్థం చేసుకోవడం అనుకున్నాను దాన్ని. అసలు నేను అర్థం చేసుకున్నదేమీ లేదు, ఇచ్చి పంపేశానంతే.

ఆ అలవాటునే ఇంటికి మోసుకొచ్చాను.

ఒక ఎండాకాలం సాయంత్రం అత్తమ్మ బ్లౌజు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కానీ కుదురుగా కూర్చోలేకపోతోంది. అటు జరుగుతుంది, ఇటు జరుగుతుంది, లేచి నిలబడుతుంది. నేను ఉల్లిపాయలు తరుగుతూ చూస్తున్నాను. కాసేపటికి ఆమే అంది, నావైపు చూడకుండా.

"మస్తు ఏడి జేసింది బిడ్డా. మీ దుకాణంల ఏమన్న దొరుకుతదా, రాసుకునేటిది?"

"ఎక్కడత్తమ్మా?" అని అడగాలి. అది నోటిదాకా వచ్చింది. కానీ ఆమె మెడ వంచుకున్న తీరు చూసి నాకు అర్థమైపోయింది, మధ్యాహ్నం షాపుకొచ్చే ఆడవాళ్ళు కూడా అలాగే వంచుతారు. మామయ్య పోయి పదేళ్ళు దాటింది, ఆమె యాభై దగ్గరపడుతున్న మనిషి, కొడుకు పక్కగదిలో ఉన్నాడు. అడిగి ఆమెను సిగ్గుపెట్టడమెందుకు అనుకున్నాను. "తెస్త తియ్యుండ్రి" అన్నాను.

మర్నాడు తెచ్చాను. చేతికి ఇస్తే ఇబ్బంది పడుతుందని గుండీల డబ్బాలో పెట్టాను. అది నా తెలివే, ఎంత మర్యాదగా చేశానో అని మురిసిపోయాను కూడా. నేను తెచ్చిన ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంది. రాయగానే దురద చల్లబడుతుంది, అందుకే అందరూ అదే కావాలంటారు. లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తెచ్చాను, ఎందుకంటే అది తొందరగా పనిచేస్తుంది.

రెండు రోజుల్లో ఆమె కుదురుగా కూర్చుని కుట్టుకుంది. నెల తిరగకముందే డబ్బాలో చుట్టిన ఖాళీ ట్యూబు కనబడింది. కొత్తది పెట్టాను. అలా మొదలైంది.

ఆమె తన వైద్యం తను కూడా చేసుకునేది. వేడి తగ్గాలని సబ్జా గింజలు నానబెట్టి తాగేది, బార్లీ నీళ్ళు తాగేది, మజ్జిగ తాగేది. ఆ సబ్జా నీళ్ళలో రెండు చెంచాల చక్కెర. చలువ చేస్తుందని చెరకు రసం తెప్పించుకునేది. ఉప్పల్ చౌరస్తా నుంచి మా ఆయన డ్యూటీ దిగి వస్తూ ప్లాస్టిక్ కవరులో పట్టించుకొచ్చేవాడు, దారంతా ఫ్లైఓవర్ పనుల దుమ్ము నెత్తిన పోసుకుని. తల్లికి చలువ చేస్తుందని పాపం ఎంత శ్రద్ధగా తెచ్చేవాడో. స్నానాల గదిలో పటిక ముక్క ఉండేది, ఒళ్ళు తుడిచే యాంటీసెప్టిక్ లోషన్ సీసా ఉండేది. వాటితో లోపలిదాకా కడుక్కునేదట. అది నాకు చాలా తర్వాత తెలిసింది. సీసా ఎందుకు అంత తొందరగా అయిపోతోందో అని నేను ఆశ్చర్యపోయి ఊరుకున్నాను.

అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది, మాటిమాటికీ బాత్రూముకు వెళ్ళేది. "గన్ని మజ్జిగలు తాగితే గట్లనే అయితది" అని నవ్వేదాన్ని. మనిషి సన్నబడింది. వీధిలోవాళ్ళు "ఏం జేస్తున్నవ్ వదినా, పోరి లెక్క అయినవ్" అంటుంటే ఆమెకు లోపల సంతోషంగానే ఉండేది. నేనూ తక్కువ తినలేదు. ఒకరోజు ఆమె కుట్టే బ్లౌజు ఆమెకే ఆనించి చూసి, "పెండ్లికూతురు కొలతలకొచ్చిన్రు అత్తమ్మా, సంబంధాలు సూడాల్నా?" అని ఆటపట్టించాను. చేతిలో ఉన్న టేపుతో నా భుజం మీద ఒకటి వేసింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

షుగరు ఉన్నవాళ్ళు కొనే మాత్రలు రోజుకు ఎంతమందికి ఇస్తానో నేను. గ్లూకోమీటరు ఎలా వాడాలో కౌంటరు మీద పెట్టి చూపిస్తాను. దాహం, మాటిమాటికీ బాత్రూము, ఒళ్ళు తగ్గడం, ఈ మూడూ ఎవరైనా కస్టమరు చెబితే పరీక్ష చేయించుకోమని టక్కున చెప్పేదాన్ని. ఇంట్లో మనిషిని అలా చూడలేదు. ఆమె వేడి అంది, నేనూ వేడే అనుకున్నాను.

రెండో ఏడు సగంలో ట్యూబులు తొందర తొందరగా ఖాళీ అవుతున్నాయి. అది గమనించాను. గమనించి ఏం చేశానంటే, ఒకటికి బదులు రెండు పెట్టడం మొదలుపెట్టాను.

ఆ చలికాలంలో ఒక ఉదయం నేను షాపుకు బయలుదేరుతుంటే అత్తమ్మ సూది, దారం నా ముందుకు చాపింది. "జర ఎక్కియ్యి బిడ్డా, దారం కొస శీలినట్టుంది." దారం చీలలేదు. ఎక్కించి ఇచ్చాను. వారం తర్వాత టైలరు ఒక బ్లౌజు తిప్పి పంపాడు, హుక్కులు ఒకవైపు, కాజాలు ఇంకోవైపు ఎగుడుదిగుడుగా పడ్డాయని. ఆమె జీవితంలో పని వెనక్కి రావడం అదే మొదటిసారి. కుట్లన్నీ విప్పుకుంటూ కూర్చుంది. కళ్ళద్దాల షాపుకు తీసుకెళ్ళాను. అద్దాలిచ్చాడు. నెలన్నరకే ఆ అద్దాలు పనికిరాలేదు. మళ్ళీ వెళితే, నంబరు ఇట్లా మారకూడదమ్మా, కళ్ళ డాక్టరుకు చూపించండి అన్నాడు అతను. అద్దాలు అమ్ముకునే మనిషికి వచ్చిన అనుమానం నాకు రాలేదు.

కళ్ళ డాక్టరు ఆమె కళ్ళల్లో చుక్కలు వేయించి, చాలాసేపు లైటు పెట్టి చూశాడు. "షుగరు ఎన్నేళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగాడు.

"నాకు షుగరు లేదు సారూ" అంది అత్తమ్మ, ఎవరి చీటీయో చూసి అడుగుతున్నాడన్నట్టు.

ఆయన నావైపు చూశాడు. అక్కడే వేలు గుచ్చి చూశారు. మీటరు మీద అంకె వచ్చింది. అంత పెద్ద అంకెను నేను షాపులో కూడా ఎక్కువగా చూడలేదు. అక్కడి నుంచి లోపల ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. ఆమె నడివయసు ఆడమనిషి, గొంతు తగ్గించకుండా మాట్లాడే రకం. ఒక్కొక్కటే అడిగింది. దాహం ఉందా, ఉంది. రాత్రుళ్ళు లేస్తారా, లేస్తాను. బరువు తగ్గారా, తగ్గాను.

"కింద దురద ఉందా?"

అత్తమ్మ నావైపు చూసింది. అప్పటివరకు మా ఇద్దరి మధ్య డబ్బా మూత కింద ఉన్న విషయం అది. నేను తలదించుకున్నాను.

"ఉన్నది మేడం" అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్ల సంది."

"రెండేళ్ళా? ఏం వాడారు?"

"మా కోడలు తెచ్చిచ్చింది, ట్యూబు." ఆ మాట ఆమె నా మీద నేరం చెప్పినట్టు చెప్పలేదు, గర్వంగా చెప్పింది. "మా కోడలు మందుల దుకాణంల జేస్తది."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కలం కింద పెట్టి, "మీకు తెలియదామ్మా? మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముందు షుగరే చూడాలి" అంది, ఒకే పనిలో ఉన్నవాళ్ళు మాట్లాడుకున్నట్టు. ఆ గది నేల పగిలి నేను అందులోకి పోతే బాగుండుననిపించింది.

ఆమె అత్తమ్మను పక్కగదిలో పరీక్ష చేసి, వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆడవాళ్ళందరికీ అక్కడ కొంత తడి ఊరుతుంది, అది జబ్బు కాదు, నెలలో రోజును బట్టి పలచగానో చిక్కగానో మారుతుంది. దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లగా గడ్డలుగా రావడం, వాసన పెద్దగా లేకపోవడం, ఇది ఫంగస్. ఒంట్లో చక్కెర ఎక్కువైతే దానికి మేత దొరుకుతుంది, అందుకే ఎన్ని ట్యూబులు రాసినా తిరిగి వస్తుంది. అత్తమ్మది అదే. పలచగా, బూడిద రంగులో, చేపల నీచు వాసనతో వస్తే అది వేరే, దానికి మందు వేరే. ఆకుపచ్చగానో పసుపుగానో నురగ నురగగా వస్తే అది ఇంకొకటి, అది మొగుడూ పెళ్ళాల మధ్య అంటుకుంటుంది, ఒక్కరికే మందిస్తే మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. అత్తమ్మ ఈ మాటలన్నీ బడిలో పిల్లలా వింటోంది. నేనూ అలాగే వింటున్నాను. ఇన్నేళ్ళూ ఈ మూడింటికీ ఒకే అరలోంచి తీసిచ్చాను.

"ఇంకా, ఆ లోషన్లతో, పటికతో లోపల కడగడం బంద్ చెయ్యాలి" అంది డాక్టరమ్మ. "అక్కడ మంచి క్రిములు కూడా ఉంటాయి. అవి చస్తే చెడ్డవాటికి చోటు దొరుకుతుంది. బయట మామూలు నీళ్ళు చాలు."

"మైల అనుకున్న మేడం" అంది అత్తమ్మ మెల్లగా. "కడిగితె పోతదనుకున్న."

షుగరు మందులు మొదలయ్యాయి. ఫంగస్‌కు సరైన మందు ఇచ్చారు. షుగరు అదుపులోకి వచ్చాక, రెండేళ్ళుగా పీడించిన ఆ దురద కొద్దివారాల్లో పోయి మళ్ళీ రాలేదు. అంత సులువుగా పోయేది అది. కళ్ళు మాత్రం అలా కాలేదు. కంటిలో సూదిమందులు వేశారు, లేజరు పెట్టారు. కుడికంటి మధ్యచూపు పోయింది. ఎడమకంటితో మనిషిని గుర్తుపడుతుంది, బస్సు నంబరు చదవలేదు, సూదిబెజ్జం అసలే చూడలేదు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే కాపాడగలిగేవాళ్ళా అని కళ్ళ డాక్టరును అడిగాను. షుగరు ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చెప్పలేరని, కానీ ముందే తెలిస్తే చాలావరకు ఆపగలిగేవాళ్ళమని చెప్పాడు. ఉన్నమాట చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం లేదు. నాకు మింగుడుపడనిది ఆ "చాలావరకు".

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చెరకు రసం తెచ్చింది తనే కదా అని కుమిలిపోయాడు, ఇప్పుడు ఆ బండి ముందునుంచి వెళ్ళాల్సొస్తే రోడ్డు దాటి అవతలినుంచి వస్తాడు. అతనికి ఎన్నిసార్లు చెప్పానో, తెలియక చేసినవాడివి నువ్వు, నాది వేరు అని.

షాపులో నేను మారాను. కిట్టు ఊరికే చేతిలో పెట్టడం మానేశాను. మొదట్లో గొడవలే. "అక్కా, గదే" అని ఎవరైనా వస్తే, పక్కకు పిలిచి, మొదటిసారా, ఇంతకుముందు వచ్చిందా, ఎట్లుంటది, వాసనుందా, కడుపులో నొప్పి ఉందా, జ్వరముందా, నెల తప్పిందా అని అడుగుతాను. సగంమంది ముఖం మాడ్చుకుని ఇంకో షాపుకు పోయారు. "గిదేంది, డాక్టరమ్మ లెక్క అడుగుతున్నవ్" అని ఒకామె నల్ల కవరు కౌంటరు మీద పారేసి వెళ్ళింది. ఓనరు కొన్నాళ్ళు గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు. నేను మొండిదాన్నని ఆయనకు తెలుసు.

కొత్తగా పెళ్ళయిన ఒక అమ్మాయి గుర్తుంది. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసేది. మూడోసారి కిట్టుకు వచ్చింది. అడిగితే నోరు మెదపదు. చివరకు నేనే, "మా ఇంట్ల ఒక మనిషి ఉన్నది, అడగకుండ మందిచ్చిన, కండ్లు పోయినయ్" అన్నాను. ఆమె బెదిరి నావైపు చూసింది. "పొత్తికడుపుల నొస్తుందక్కా, రెండ్రోజుల సంది జరమున్నది" అంది. కిట్టు వెనక్కి తీసుకున్నాను.

"గిది గీ మాత్రలతోని పొయ్యేది గాదు. నొప్పి, జరం ఉన్నయంటే లోపటికి పాకినట్టు. ఇయ్యాల్నే లేడీ డాక్టరుకు సూపిచ్చుకో. రేపనకు."

"మా ఆయనకు ఏమని జెప్పాలక్కా?"

"ఆయనను గూడ తోల్కపో. మందు ఇద్దరికీ పడుతదేమో."

ఆమె మెట్లు దిగి వెళ్ళింది. మళ్ళీ మా షాపుకు రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళిందో, ఏమీ అడగని ఇంకో కౌంటరు వెతుక్కుందో నాకు తెలియదు. వెళ్ళి ఉంటుందనే అనుకుంటున్నాను, అనుకోకపోతే ఆ పూట అన్నం సయించదు. కడుపుతో ఉన్నవాళ్ళు వస్తే ఏదీ ఇవ్వకుండా పంపేస్తాను. ముట్లుడిగిన తర్వాత రక్తపు చారలు కనబడుతున్నాయన్న ఒక పెద్దామెను నేనే చేయి పట్టుకుని ఆటో ఎక్కించాను. ఇవన్నీ నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి రాయడం లేదు. ఇవన్నీ నాకు ముందే తెలుసు. డబ్బాల మీద రాసి ఉంటాయి, లోపల మడతపెట్టిన కాగితంలో ఉంటాయి, కంపెనీ మనిషి వచ్చి చెప్పి వెళతాడు. తెలిసిన సంగతిని నోరు తెరిచి అడగడానికి ఒక మనిషి చూపు పోవాల్సి వచ్చింది నాకు.

అత్తమ్మ కుట్టడం మానలేదు. నేను వద్దన్నాను, మా ఆయన వద్దన్నాడు, వినదు. పెళ్ళి బ్లౌజులు టైలర్లు పంపడం మానేశారు. మామూలు బ్లౌజులు, రోజుకు ఒకటో రెండో, తెలిసినవాళ్ళవి. వేళ్ళతో తడిమి హుక్కులు కుడుతుంది. అందుకని రోజూ పొద్దున నేను షాపుకు వెళ్ళేముందు పది సూదులకు దారం ఎక్కించి, పాత దిండుకు వరసగా గుచ్చి పెట్టి వెళతాను. ఒకవైపు నల్లవి, ఒకవైపు ఎర్రవి, ఇంకోవైపు తెల్లవి. ఏ వరస ఎక్కడుందో ఆమెకు నోటికి వచ్చు.

ఆ మధ్య ఒక ఆదివారం ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. నేను సూదులు ఎక్కిస్తున్నాను. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది ఆ రోజు అడిగేశాను.

"అత్తమ్మా, గన్ని రోజులు తగ్గకపోతె నాకొక్కమాట ఎందుకు జెప్పలేదు?"

ఆమె గుండీల డబ్బాలో హుక్కుల కోసం తడుముతోంది. తల ఎత్తకుండానే అంది.

"నువ్వు రెండు రెండు తెచ్చి పెడ్తుంటివి గదా బిడ్డా. తగ్గుతలేదని నీకెర్కనే అనుకున్న. మందుల దుకాణంల ఉండేదానివి, నీకు దెల్వకుంటదా? అది గట్లనే ఉంటదేమో, ఓర్సుకోవాలేమో అనుకున్న."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు నా ముఖం సరిగ్గా కనబడదు, అయినా తెలిసింది. చేయి చాపి నా మోకాలు తట్టి, "అడిగితె బాగుండు ఇద్దరం" అంది. అందులో తన వాటా కూడా వేసుకుంది. ఆమెకు అందులో వాటా లేదని నాకు తెలుసు, అది ఆమెకు చెప్పాను కూడా. ఆమె వినిపించుకోనట్టు ఒళ్ళోని బ్లౌజు సర్దుకుంది. ముదురు నీలం బ్లౌజు, పక్కవీధి అమ్మాయిది.

నేను ఎక్కించి ఇచ్చిన సూదిని వేళ్ళ మధ్య పట్టుకుని, "ఇది నల్లదారమా, నీలమా?" అని అడిగింది.

"నీలం అత్తమ్మా" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. వేలితో హుక్కు ఎక్కడుండాలో చూసుకుని సూది గుచ్చబోయింది. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను. ఆ దారం తీసుకుని కిటికీ వెలుగులోకి వెళ్ళి, నలుపో నీలమో మళ్ళీ ఒకసారి చూశాను.